బండల షెడ్డులో సముద్ర సింహం

ఉద్యోగంలో కొత్తగా చేరిన పశువుల డాక్టర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ, మీ సర్వీసులో మరిచిపోలేని కేసేది మేడం, అని అడుగుతారు. అడ్డం తిరిగిన దూడ కథో, పిచ్చికుక్క కరిచిన ఎద్దు కథో చెబుతానని చూస్తారు. నేను సముద్ర సింహం అంటాను. పిల్లలు మర్యాదస్తులు, ఒకరి మొహం ఒకరు చూసుకుని ఊరుకుంటారు. కడపకూ సముద్రానికీ ఎంత దూరమో వాళ్లకు తెలుసు. పెద్దామెకు మతి తప్పుతోందని అనుకుంటారేమో. అందుకే ఈసారి మొదటినుంచీ చివరిదాకా రాసి పెడుతున్నాను.

నాది కర్నూలు జిల్లా, కోడుమూరు పక్కన పల్లె. మా అమ్మానాయనలు కూలిపనికి పోయేవాళ్లు. చర్చి వాళ్ల బడిలో చదివి, హాస్టళ్లలో పెరిగి పశువుల డాక్టరునైనాను. చిన్నప్పుడు నాకు తెలిసిన జంతువులు గొర్రె, మేక, ఎద్దు, మేము ఎనుము అనే గేదె. ఉద్యోగంలోనూ అవే. వేంపల్లెలో ఉన్నంతకాలం గొర్రెలకు టీకాలు, ఎనుములకు చూడి పరీక్షలు. కడపకు బదిలీ అయినాక వీటికి టౌను కుక్కలు తోడయ్యాయి. ఆ పని మీద నాకు విసుగు ఉండేది కాదు. ఈనలేక అవస్థ పడుతున్న ఎనుము దగ్గర చేయి పెట్టి దూడ కాలు దొరకబుచ్చుకున్నప్పుడు కలిగే తృప్తి వేరే ఉద్యోగాల్లో ఉందని నేననుకోను.

అది ఆగస్టు నెల. వాన పడాల్సిన నెలే, పడలేదు. పొద్దున్నే ఎండ వీపు మీద వాత పెట్టినట్టుంది. ఆసుపత్రి ముందర గొర్రెలు బారులు తీరి ఉన్నాయి. మా కాంపౌండరు నాకంటే పెద్దవాడు, నేను ఆయన్ని భాయ్ అని పిలిచేదాన్ని. ఊరంతా తగలబడుతున్నా తొందరపడే మనిషి కాదు. ఆయన ఫోను చేత్తో పట్టుకుని నా దగ్గరికి నిదానంగా నడిచి వచ్చి, కర్నూలుకు పోయే రోడ్డులో బండల ఫ్యాక్టరీ ముందర ఒక లారీ నిలిచిపోయిందంట, పోలీసాయన ఫోను చేశాడు, లోపల సింహం ఉందంట అని చెప్పాడు.

"బతికుండాదా?" అని అడిగాను.

"ఉండాదంట మేడం. కానీ మొరుగుతాందంట."

సింహం మొరగడం ఏమిటని ఇద్దరం కాసేపు ఆలోచించాం. ఎండదెబ్బకు గొంతు మారి ఉంటుందని ఆయన అన్నాడు. నాకు అంతకంటే మంచి కారణం తోచలేదు. మా జీపు ఎప్పటిలాగే మరమ్మతులో ఉంది. ఆటో పిలిచి, మదమెక్కిన ఎద్దులకు వాడే మత్తు మందు, సిరంజీలు, పెద్ద తాడు వేసుకుని బయలుదేరాం. తాడుతో సింహాన్ని ఏం చేయాలనుకున్నామో ఇప్పుడు అడిగితే నేను చెప్పలేను. దారిలో ఆటో డ్రైవరు, సింహం కేసని తెలియగానే, ఫ్యాక్టరీకి కొంచెం ఇవతలే దిగమన్నాడు.

రోడ్డు పక్కన తెల్లటి మూత లారీ నిలబడి ఉంది. జనం దూరంగా, చెట్టు లేక, లారీ నీడలోకి పోవడానికి ధైర్యం చాలక, ఎండలోనే నిలబడి ఉన్నారు. లోపలినుంచి బొంగురు గొంతుతో అరుపు వినిపిస్తోంది. కుక్క అరుపే, కాకపోతే కుక్కకు అంత పెద్ద ఛాతీ ఉండదు. లారీ వెనక తలుపు తెరిచి, ఒక నడివయసు మనిషి లోపల ఉన్న ఇనుప పెట్టె మీద సీసాతో నీళ్లు పోస్తున్నాడు. చొక్కా మొత్తం తడిసి ఒంటికి అంటుకుని ఉంది. అది చెమటో నీళ్లో తెలియలేదు.

ఊచల్లోంచి తొంగి చూశాను. నల్లగా, నూనె రాసినట్టు నున్నగా, మనిషికంటే పొడుగ్గా ఒక ప్రాణి బోర్లా పడుకుని ఉంది. మూతికి రెండు పక్కలా పొడవాటి మీసాలు. తలకు రెండు పక్కలా చుట్ట చుట్టిన చిన్న ఆకుల్లాంటి చెవులు. కాళ్లు ఉండాల్సిన చోట తోలు చేటలు. పుస్తకంలో ఒక్క పేజీలో చదివి, పరీక్షలో రాదని వదిలేసిన జంతువు అది. సముద్ర సింహం.

ఆ మనిషి దాన్ని చూసుకునే కీపరు. చిత్తూరు సరిహద్దువాడు, తెలుగూ తమిళం కలిపి మాట్లాడేవాడు. వేరే రాష్ట్రంలోని ఒక జంతుశాలకు రెండు సముద్ర సింహాలను తీసుకుపోతున్నారట. చెన్నై దాకా విమానంలో వచ్చాయి. అక్కడినుంచి రెండు లారీలు. మగది ముందు బండిలో జంతుశాల డాక్టరుతో కలిసి కర్నూలు దాటిపోయింది. ఈ ఆడది వెనక బండిలో వస్తుంటే, ముందు లోపలి చల్లదనం యంత్రం ఆగింది, తర్వాత లారీ ఇంజనే ఆగింది. మంచు మొత్తం కరిగిపోయింది. మూసిన లారీ లోపల పొయ్యిలా ఉంది. వేరే బండి తిరుపతి వైపునుంచి రావాలి, మధ్యాహ్నం దాటుతుంది.

కీపరు సాయంతో ఊచల మధ్యనుంచి చేయి పెట్టి దాని ముందరి చేటను తాకాను. జ్వరమొచ్చిన పిల్ల నుదురులా కాలుతోంది. అది కన్ను సగం తెరిచి నన్ను చూసి మళ్లీ మూసుకుంది. స్టెతస్కోపు పక్కటెముకల దగ్గర ఆనించాను. గుండె మెల్లగా కొట్టుకుంటోంది. ఇంకా మెల్లగా. ఊపిరి కదలిక చూద్దామని పక్కలు చూస్తే కదలిక లేదు. గుండె చప్పుళ్ల మధ్య ఎడం పెరుగుతోంది. ఊపిరి రావడం లేదు. ఎంతసేపు చూసినా రావడం లేదు.

"భాయ్, ప్రాణం పోతాంది," అన్నాను.

ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. కానిస్టేబుల్ జనాన్ని ఇంకా వెనక్కి జరిపాడు. నేను మొహం ఇంకా దగ్గరికి పెట్టాను. అప్పుడు ముక్కు రంధ్రాలు రెండు గీతల్లా ఉన్నవి గుండ్రంగా విచ్చుకుని, నా మొహం మీద చేపల సంతంత వాసనతో పెద్ద ఊపిరి వదిలింది. కళ్లజోడు తడిసిపోయింది.

కీపరు నవ్వలేదు, మంచివాడు. ఇవి అట్లే చేస్తాయి అమ్మా, ఊపిరి బిగబట్టి ఉంటాయి, అని మాత్రం చెప్పాడు. నీళ్లలో మునిగే జంతువు కాబట్టి ఊపిరి ఆపుకున్నప్పుడు గుండె కూడా నిదానిస్తుంది. ఉన్న ప్రాణవాయువును దాచుకుని వాడుకుంటుంది. గట్టు మీద పడుకున్నా ఆ అలవాటు పోదు. ముక్కు కూడా అంతే. మనకు తెరిచి ఉండటం సహజం, వాటికి మూసి ఉండటం సహజం. తెరవడానికే కండరం బిగించాలి. ఇదంతా తర్వాత తెలుసుకున్నాను. ఆ క్షణానికి మాత్రం కళ్లజోడు చీర కొంగుతో తుడుచుకుంటూ, చనిపోలేదు అని అందరికీ చెప్పాల్సి వచ్చింది. జనంలో కొందరు కొంచెం నిరాశపడినట్టు కనిపించారు.

చనిపోలేదు సరే, చనిపోయే దారిలోనే ఉంది. కీపరు తన ఫోనులో ముందు బండి డాక్టరును కలిపి నాకిచ్చాడు. గొంతును బట్టి నాకంటే చాలా చిన్నవాడు, కానీ ఈ జంతువులతో పనిచేసినవాడు. మత్తు ఇచ్చి కిందికి దించి నీళ్లు కొడదామా అని అడిగాను. భాయ్ అప్పటికే మందు సిరంజిలోకి లాగుతున్నాడు.

"వద్దు మేడం. మత్తులో కూడా అది మునిగాననుకుంటుంది. ఊపిరి ఆపితే మళ్లీ తీసుకోదు."

భాయ్ చేతిలోంచి సిరంజి తీసి పక్కన పెట్టాను. డాక్టరు తొందరగా, స్పష్టంగా చెప్పుకుపోయాడు. చర్మం కింద మందంగా కొవ్వు పొర ఉంది. చల్లటి సముద్రంలో అదే కంబళి, ఇక్కడ అదే శత్రువు. దానికి మనలా చెమట పట్టి చల్లబడే వీలు లేదు. వేడి బయటికి పోయే దారి ఆ నాలుగు చేటలే, అక్కడ కొవ్వు లేదు, రక్తనాళాలు దండిగా ఉన్నాయి. వాటిని తడపండి. మంచుగడ్డ నేరుగా పెట్టకండి, రక్తనాళాలు ముడుచుకుపోతాయి. అన్నిటికంటే మేలు నిండుగా నీళ్లు. మంచినీళ్లయినా పరవాలేదు, కొన్ని గంటలకు కళ్లకేమీ కాదు. పెట్టె తెరవాలా వద్దా అని అడిగాను. ఎలుగుబంటి కాటు లాంటి కాటు దానిది, రోడ్డు మీదికి పరుగెత్తితే మనిషి అందుకోలేడు అన్నాడు. తెరవకపోతే సాయంత్రం దాకా ఉంటుందని కూడా చెప్పలేనన్నాడు.

"అక్కడ ఉండేది మీరు మేడం. మీరేం చేసినా, ఎవరడిగినా నేను మీ పక్షమే మాట్లాడతాను."

ఆ మాట అన్న అధికారిని నా సర్వీసులో నేను ఎక్కువమందిని చూడలేదు.

జనం సందడికి ఫ్యాక్టరీ యజమాని బయటికి వచ్చాడు. పాత రైతు కుటుంబం వాళ్లది, శెనక్కాయ పంట చేతికి రాక రాయి వ్యాపారంలోకి దిగారు. కడప బండలు కోసి, నునుపు పట్టి, దూర రాష్ట్రాలకు పంపుతారు. తెల్లచొక్కా, పొట్టి మీసం, అన్నీ తన ఫ్యాక్టరీ ముందరే జరగాలా అన్నట్టు ఒక చూపు. నేను ఎవరో చెప్పి, లోపల నీళ్ల తొట్టి ఉందా అని అడిగాను. ఉంది, యంత్రాలకు పోసే బోరు నీళ్లు అందులోనే నింపుతారు, నేలమట్టానికి కట్టింది, మనిషి మెడలోతు. రాతిపొడి కలిసిన మురికినీళ్లు వేరే గుంటలోకి పోతాయి. షెడ్డుకు మూడు వైపులా గోడ, ముందర గేటు. రాళ్లు దించే గొలుసు క్రేను కూడా ఉంది. అడుగుతుంటే నాకే ఆశ్చర్యమేసింది, ఆ లారీ కావాలని వెతుక్కుని అక్కడ ఆగినట్టుంది.

ఆయన లారీ దగ్గరికి పోయి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అది మనుషుల్ని కరుస్తాదా మేడం?"

"కరవొచ్చు అన్నా. అబద్ధం చెప్పను."

"కరిస్తే నా పనోళ్లను కరవకూడదు. నేనుంటా ముందర. దించండి."

అంతే, ఇంకేమీ అడగలేదు. లోపలికి తిరిగి యంత్రాలన్నీ ఆపమన్నాడు. ఆ షెడ్డులో ఒక్కసారి నిశ్శబ్దం వచ్చేసరికి దూరాన కాకులు కూడా వినపడ్డాయి.

క్రేనుతో పెట్టె దించి షెడ్డులోకి చేర్చారు. పనివాళ్లు గోడకు ఆనించి ఉన్న పెద్ద బండలను తెచ్చి, పెట్టె మూతినుంచి తొట్టి దాకా రెండు వైపులా నిలబెట్టి సందులా చేశారు. బండను ఎట్లా నిలబెడితే పడదో వాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. నేల మీద పైపుతో నీళ్లు పారించారు. అప్పటికి బండ చల్లగా ఉంది, చెప్పులు విడిచిన నా కాళ్లకు హాయిగా తెలిసింది. పనులు జరుగుతున్నంతసేపు నేను ఊచల పక్కన కూర్చుని తడిగుడ్డతో దాని చేటలు తుడుస్తున్నాను. పైకి చూస్తే అది ఒట్టి తోలు చేట. గుడ్డ నొక్కి తుడుస్తుంటే లోపల ఎముకలు తగిలాయి. వేలివెంట వేలు తడిమాను. ఐదు వేళ్లు, నా చేతిలో ఉన్నట్టే, పొడుగ్గా సాగి, చర్మం కప్పుకుని. గేదె గిట్టలో, గొర్రె గిట్టలో దాగిన వేళ్ల సంగతి కాలేజీలో చదివాను. కానీ ఒక పరాయి సముద్రపు ప్రాణి చేయి పట్టుకుని వేళ్లు లెక్కపెట్టుకోవడం వేరు. దాని మీద భయం అక్కడే సగం పోయింది.

మిగతా సగం కీపరుకు ఉంది. అతను భయపడింది కాటుకు కాదు. తెరిచాక ఏమైనా అయితే తన తల మీదికి వస్తుందని. ఇల్లు, పిల్లలు, తాత్కాలిక ఉద్యోగం, అన్నీ తమిళంలో చెప్పుకుపోయాడు. నాకు సగం అర్థమైంది, ఆ సగమే చాలింది. తలుపు గడియ నేను తీస్తాను, ఎవరైనా అడిగితే డాక్టరమ్మ తీసిందని చెప్పు అన్నాను. అతను ఒప్పుకోలేదు. ఇద్దరం కలిసి తీశాం. భాయ్ పక్కన ఒక పాత ప్లైవుడ్ తలుపు అడ్డంగా పట్టుకుని నిలబడ్డాడు, మీదికొస్తే అడ్డం పెట్టడానికి. యజమాని అన్నట్టే పనివాళ్లను గేటు బయట నిలబెట్టి, తాను తొట్టి పక్కన నిలబడ్డాడు.

తలుపు తెరుచుకున్నా అది కదల్లేదు. మీసాలు మాత్రం ముందుకు సాగాయి. తడి వాసన తగిలిందేమో, తల ఎత్తింది. అప్పుడు మీకు చెప్పాల్సిన సంగతి ఒకటి జరిగింది. సీలు అనే జంతువు గట్టు మీద పొట్టతో పాకుతుంది. సముద్ర సింహం అట్లా కాదు. వెనక చేటలను పొట్ట కిందికి ముందుకు తిప్పుకుని, ముందరి చేటల మీద లేచి, నాలుగు కాళ్ల జంతువులా నడుస్తుంది. పుస్తకంలో ఈ వాక్యం చదివిన గుర్తు నాకుంది. కళ్ల ముందు జరిగితే మాత్రం, ఇంతసేపూ పడి ఉన్న మూట లేచి నడిచినట్టుంది. తడి బండ మీద తప్ తప్ మని అడుగులు వేసుకుంటూ, తల అటూ ఇటూ ఊపుకుంటూ, సందులోంచి నా ముందరగా పోయింది. తొట్టి అంచున ఆగి యజమానిని పైనుంచి కిందిదాకా చూసింది. ఆయన కదల్లేదు, నిలువునా రాయిలా ఉన్నాడు. అది చప్పుడు లేకుండా నీళ్లలోకి జారిపోయింది.

చాలాసేపు పైకి రాలేదు. ఈసారి నేనేమీ ప్రకటించలేదు.

వచ్చాక ఇక ఆగలేదు. ముందరి చేటలను పక్షి రెక్కల్లా కొడుతూ తొట్టి చుట్టూ తిరిగింది. వెల్లకిలా తిరిగింది. మీసాలతో నాలుగు గోడలూ తడిమి చూసుకుంది. పైపు నీటి ధార కింద నోరు తెరిచి నిలబడింది. అది తిరిగే కొద్దీ కీపరు మొహంలో రక్తం వస్తోంది. చివరికి అది తొట్టి మధ్యలో పక్కకు ఒరిగి, ఒక చేట నీటి పైకి ఎత్తిపెట్టి, కళ్లు మూసుకుని తేలుతూ నిద్రపోయింది. గేటు బయటినుంచి చూస్తున్న పనివాళ్లు అది దండం పెడుతోందని అనుకున్నారు. ఒకరిద్దరు తిరిగి దండం పెట్టారు. ఒంటి వేడి సరిచేసుకోవడానికి సముద్రంలో కూడా అవి అట్లా చేట ఎత్తి తేలుతాయని కీపరు చెప్పాడు. చెప్పినా ఆ దండం పెట్టినవాళ్లు చేతులు దించలేదు.

భాయ్ బజారుకు పోయి రెండు పెద్ద కట్ల చేపలు తెచ్చాడు. తెమ్మని ఎవరూ చెప్పలేదు. ఆకలిగా ఉంటాదని తెచ్చానన్నాడు. అది ఒకదాన్ని నోట కరిచి విదిలించి, పైకి ఎగరేసి, పట్టుకుని, మళ్లీ ఎగరేసి, చివరికి భాయ్ కాళ్ల దగ్గరికే విసిరేసింది. మన చెరువు చేప దానికి చేపలా అనిపించలేదు. ఆయన నొచ్చుకోకుండా చేపను కడిగి సంచిలో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక వేరే లారీ మంచుగడ్డలతో వచ్చింది. అప్పుడు అసలు చిక్కు ఎదురైంది. అది బయటికి రాదు. కీపరు విజిల్ ఊదాడు. కర్ర చివర గుండు చూపించాడు, దాన్ని ముక్కుతో తాకితే చేప ఇస్తారు, అది వాళ్ల చదువు. మంచులో దాచిన సముద్రపు చేప చూపించాడు. అది వచ్చి, చేప తిని, నీళ్లలోకి పోయింది. మళ్లీ చూపిస్తే మళ్లీ అంతే. చేపలు అయిపోవచ్చాయి. కొత్త లారీలో మంచు కరుగుతోంది. గేటు బయట జనం పెరిగారు, గోడలెక్కారు, కేకలు. యజమాని పోయి వాళ్లను ఎట్లాగో దింపాడు. ఊరి పెద్దమనిషి మాట కాబట్టి విన్నారు, పోలీసు మాటకైతే వినేవాళ్లు కాదు. అయినా అది బయటికి రాలేదు. తొట్టిలో నీళ్లు తోడేద్దామని ఎవరో అన్నారు. కీపరు వద్దన్నాడు, బెదిరితే తర్వాత ఎప్పటికీ నమ్మదు.

మళ్లీ ఫోను చేశాను. డాక్టరు అన్నీ విని, ఇవి ఒంటరిగా ఉండలేని జంతువులు మేడం, గట్టు మీద ఒకదాని మీద ఒకటి పడి పడుకుంటాయి, ఎంత స్థలమున్నా ఒరుసుకునే ఉంటాయి అన్నాడు. దానికి తోడుగా ఉండేది ఇప్పుడు ఆ కీపరు ఒక్కడే అన్నాడు. ఫోను పెట్టేశాక ఆ మాట నన్ను కోడుమూరు పొలాల్లోకి తీసుకుపోయింది. మందలోంచి తప్పిన గొర్రెను తరిమితే ఇంకా దూరం పోతుంది. మందను అవతలికి తోలుకుపోతే అదే అరుచుకుంటూ పరుగెత్తి వస్తుంది. మా ఊర్లో గొర్రెలు కాచే ప్రతివాళ్లకూ ఇది తెలుసు.

కీపరుకు చెప్పాను. అతను ఒక్కసారి నన్ను చూసి, సరే అమ్మా అన్నాడు. షెడ్డులో అందరినీ బయటికి పంపాం. భాయ్, నేను బండల వెనక కూర్చున్నాం. కీపరు తొట్టి దగ్గరినుంచి లేచి, దానితో రోజూ పని ముగించి పోయేటప్పుడు అనే మాట ఒకటి తమిళంలో అని, వెనక్కి చూడకుండా సందులో నడిచి, పెట్టె చుట్టూ తిరిగి అవతలి వైపు ఊచల వెనక కూర్చున్నాడు. కనిపించడు.

షెడ్డు ఖాళీ అయింది. అది తొట్టిలో ఒక చుట్టు తిరిగింది. ఆగింది. తల బయటికి పెట్టి చూసింది. అరిచింది. జవాబు లేదు. మళ్లీ అరిచింది. ఆ అరుపు పొద్దున లారీలో విన్న అరుపు కాదు, ప్రశ్నలా ఉంది. అప్పుడు కీపరు అవతలినుంచి, మామూలుగా, ఇంట్లో మనిషిని పలకరించినట్టు, "వా కన్నా," అన్నాడు. రా అమ్మా అని.

అది ఒక్క ఊపున అంచు మీదికి ఎగిరింది. నీళ్లు కారుకుంటూ, సందులో దాదాపు పరుగెత్తుకుంటూ, నేరుగా పెట్టెలోకి పోయి అవతలి ఊచలకు మూతి ఆనించింది. నేను పోయి గడియ వేశాను. కీపరు ఊచల్లోంచి చేయి పెట్టి దాని మెడ పక్కన రాస్తూ తల వంచుకుని ఏడుస్తున్నాడు. భాయ్ నా పక్కన నిలబడి అటువైపు చూడకుండా గోడ మీద బల్లిని చూస్తున్నాడు.

సాయంత్రం ఎండ వాలేముందు లారీ కదిలింది. రోడ్డు పొడవునా జనం చేతులు ఊపారు. యజమాని మాకు టీ ఇప్పించాడు. బండలన్నీ మళ్లీ గోడకు చేర్చమని పనివాళ్లకు చెప్పి, నా వైపు తిరిగి, మళ్లీ ఇట్లాంటిది ఏదైనా వస్తే చెప్పు మేడం, తొట్టి ఉండాది కదా అన్నాడు. ఆ మాట ఆయన తమాషాకు అనలేదు. మరుసటి పొద్దుకు అది చేరిందనీ, చేప తిన్నదనీ, మగదాని పక్కన ఒరుసుకుని పడుకుందనీ ఫోను వచ్చింది. నేను ఆసుపత్రిలో గొర్రెలకు టీకాలు వేస్తున్నాను.

కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. మరుసటి సంవత్సరం, వాన కోసం రైతులు విత్తనాలేసే గొర్రు సిద్ధం చేసుకుని ఆకాశం చూస్తున్న రోజుల్లో, ఆ జంతుశాల డాక్టరు ఫోను చేశాడు. ఆడది ఈనింది. నేను ఒక నిమిషం లెక్క వేసుకుని, వీటికి దాదాపు ఏడాది చూడి అంటారు, కొత్త చోట మగదాని దగ్గరికి చేరి ఇంకా ఏడాది కూడా కాలేదు కదా అన్నాను. అదే మేడం, అన్నాడు. వీటికి కడుపు నిలిచాక పిండం వెంటనే గర్భసంచికి అంటుకోదు. చుక్కంత అయి, పెరగడం ఆపేసి, కొన్ని నెలలు ఊరికే ఉంటుంది. కాలం కలిసి వచ్చినప్పుడు అంటుకుని పెరగడం మొదలుపెడుతుంది. పిల్ల పుట్టే ఋతువు తప్పకుండా ఉండటానికి ఆ ఏర్పాటు. అంటే కడప రోడ్డు మీద ఆగిన నాటికే అది చూడిది. పాత చోటు వదలకముందే కట్టింది. ఏ పరీక్షలోనూ తెలియదు. ఆయనకూ తెలియదు, కీపరుకూ తెలియదు, గుండె మీద స్టెతస్కోపు పెట్టి ప్రాణం పోతోందని చాటిన నాకూ తెలియదు.

అర్థం కావడానికి నాకు పెద్ద కష్టం కాలేదు. దుక్కిలో పడిన విత్తనం తేమ లేకపోతే చచ్చిపోదు, మొలవదు కూడా. ఊరికే ఉంటుంది. మా పక్క పుట్టిన ఎవరికైనా ఆ ఓపిక తెలుసు.

పిల్ల ఎట్లా ఉందో ఆయన చాలా చెప్పాడు. ఆడపిల్ల. ఈత రాదు, వాటికి పుట్టగానే ఈత రాదట, నీళ్లంటే భయపడుతుందట. తల్లి అరిస్తే అన్ని గొంతుల్లోనూ తల్లి గొంతే గుర్తుపట్టి బదులిస్తుందట. తల్లి కూడా పిల్ల వాసన, గొంతు పట్టుకుని దాన్నే దగ్గరికి రానిస్తుందట. కీపరు పగలంతా అక్కడే ఉంటున్నాడట, ఇప్పుడు అతని ఉద్యోగం ఖాయమైందట.

ఫోను పెట్టి నేరుగా భాయ్ ఇంటికి పోయాను. ఆయన ఆ ఏడే రిటైరై, వాకిట్లో మంచం మీద కూర్చుని మనవరాలికి జడ వేస్తున్నాడు. సముద్ర సింహం ఈనిందని చెప్పాను. పిండం సంగతి, విత్తనం సంగతి, మనం నీళ్లలోకి వదిలింది రెండు ప్రాణాలనీ చెప్పాను. ఆయన జడ వేయడం ఆపకుండా, తొందరపడకుండా అంతా విన్నాడు. రిబ్బను ముడి వేసి, తల ఎత్తి ఒక్క మాట అడిగాడు.

"తల్లికి పాలు పడినాయంటనా మేడం?"

"దండిగా పడినాయంట భాయ్," అన్నాను. ఫోనులో నేనూ మొదట అడిగింది అదే.